రీనార్మలైజేషన్ మొదలుపెట్టబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

ఎఫెక్టివ్ యాక్షన్, రీనార్మలైజేషన్ గ్రూప్ ఈ సెమిస్టర్‌లోనే పట్టుకోవాలి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను అని మొన్న భోజనాల దగ్గర అడిగావు. తరమణి హాస్టల్‌కి ఆలస్యమైపోతోందని అప్పుడు రెండు ముక్కలు చెప్పి పంపించేశాను. అది రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. పెన్నూ కాగితాలూ దగ్గర పెట్టుకుని చదువు.

క్లాసుల్లో రీనార్మలైజేషన్‌ని సాధారణంగా అనంతాలకు మందులా చెబుతారు. లూప్ ఇంటెగ్రల్ చేస్తే అనంతం వచ్చింది, కౌంటర్‌టర్మ్ వేశాం, పోయింది, అంతే. చరిత్రలో అది ఆ దారినే వచ్చిన మాట నిజమే. 1947లో లాంబ్ షిఫ్ట్ (హైడ్రోజన్ శక్తి స్థాయిల మధ్య చిన్న తేడా) కొలిచాక టొమొనాగా, ష్వింగర్, ఫైన్‌మన్ లెక్కలన్నీ అనంతాలతో కుస్తీ పడుతూనే సాగాయి. కానీ నువ్వు ఆ గుమ్మంలోంచి లోపలికి వెళ్లకు. ఏ లెక్క ముందుకొచ్చినా నువ్వు అడగాల్సింది ఒకటే: నేను ఏ స్కేల్లో ప్రశ్న అడుగుతున్నాను, ఆ స్కేల్‌కి పైనున్నవాటిని ఏం చేశాను? అనంతాలే లేని చోట కూడా ఈ ప్రశ్న ఉంటుంది. అందుకని ముందు అక్కడికే వెళ్లు.

ఎక్స్, వై అని రెండే రెండు చరరాశులు తీసుకో. ఫీల్డులు వద్దు, మామూలు సంఖ్యలే. యాక్షన్‌లో (మైనస్ గుర్తుతో ఎక్స్‌పోనెన్షియల్‌లోకి ఎక్కేది) మూడు పదాలు: స్మాల్ ఎమ్ స్క్వేర్ ఎక్స్ స్క్వేర్‌లో సగం, క్యాపిటల్ ఎమ్ స్క్వేర్ వై స్క్వేర్‌లో సగం, జీ ఎక్స్ స్క్వేర్ వై స్క్వేర్‌లో పావు. వై బరువైనది, దాని మీద ఇంటెగ్రేట్ చేసెయ్యి. గాసియన్ కాబట్టి ఒక్క లైనులో అయిపోతుంది. మిగిలిన యాక్షన్‌లో ఎక్స్ ఒక్కటే ఉంటుంది, కొత్తగా ఒక లాగరిథమ్ వచ్చి చేరుతుంది. క్యాపిటల్ ఎమ్ స్క్వేర్‌కి జీ ఎక్స్ స్క్వేర్‌లో సగం కలిపి లాగ్ తీసుకుంటే, అందులో సగం. ఇప్పుడా లాగ్‌ని చిన్న ఎక్స్‌కి విప్పు. మొదటి పదం వల్ల స్మాల్ ఎమ్ స్క్వేర్ కాస్తా జీ బై 2 క్యాపిటల్ ఎమ్ స్క్వేర్ మేర పెరుగుతుంది. రెండోది ఎక్స్ పవర్ 4, దాని ముందు మైనస్ గుర్తుతో జీ స్క్వేర్ బై 16 క్యాపిటల్ ఎమ్ పవర్ 4. తర్వాత పవర్ 6, పవర్ 8, అలా పోతూనే ఉంటుంది.

ఈ చిన్న లెక్కలో దాదాపు సబ్జెక్టంతా ఉంది. తేలికైనదాని మాస్ మారింది. మొదట లేని ఇంటరాక్షన్లు పుట్టుకొచ్చాయి. అవి ఒకటో రెండో కాదు, అనంతం. ఐతే పైకి పోయేకొద్దీ బరువైన మాస్ వాటిని అణిచేస్తుంది. ఆ లాగ్ ఎక్కడిదో చూశావా? అదే నీ వన్-లూప్ డిటర్మినెంట్. ఎక్స్ పవర్ 4 పదానికి బొమ్మ గీస్తే, రెండు జీ వెర్టెక్సుల మధ్య వై తిరుగుతున్న లూప్ కనిపిస్తుంది.

ఇక్కడితో ఆపకు. కంప్యూటర్లో అసలు రెండు చరరాశుల ఇంటెగ్రల్‌తో ఎక్స్ స్క్వేర్ సగటు కట్టు, వై పోయాక మిగిలిన ఎఫెక్టివ్ యాక్షన్‌తోనూ కట్టు, రెండూ పోల్చు. పవర్ 4 దగ్గర తుంచేసి దాన్ని ఎక్స్‌పోనెన్షియల్‌లో అలాగే వదిలేశావంటే, ఆ మైనస్ గుర్తు వల్ల ఇంటెగ్రల్ పేలిపోతుంది. అలా పేలినప్పుడు భయపడకుండా ఎందుకు పేలిందో ఆలోచించు. జీ ఎక్స్ స్క్వేర్, క్యాపిటల్ ఎమ్ స్క్వేర్ సాటిగా వచ్చే చోట నీ విస్తరణకి చెల్లుబాటే లేదు, నువ్వేమో దాన్ని అక్కడి దాకా లాక్కెళ్లావు. పవర్ 4 పదాన్ని కిందికి దించి మొదటి ఆర్డర్‌లో తీసుకుంటే జవాబు సరిగ్గా వస్తుంది. క్యాపిటల్ ఎమ్‌ని 5 నుంచి 1 దాకా తగ్గిస్తూ తేడా ఎలా పెరుగుతుందో చూడు.

తర్వాత ఫెర్మీ సిద్ధాంతం పట్టుకో. బీటా క్షయానికి ఆయన 1933–34లో రాసినదానికి కావలసింది ఒక్క స్థిరాంకం. మ్యుయాన్ ఆయుర్దాయం, 2.2 మైక్రోసెకన్లు, కొలిస్తే అది చేతికొస్తుంది: జీఈవీ స్క్వేర్‌కి 1.166 × 10⁻⁵. రీనార్మలైజ్ కాదన్నది ఆ సిద్ధాంతానికి లోపమని చాలాకాలం అన్నారు. అదే దాని సుగుణమని నేనంటాను. ఆ స్థిరాంకం వర్గమూలాన్ని తిరగేస్తే సుమారు 293 జీఈవీ వస్తుంది. అంతకు మించి నేను పనిచెయ్యను, ఈలోపే కొత్తదేదో కనిపించాలి అని సిద్ధాంతమే చెబుతోందన్నమాట. కనిపించింది కూడా: 1983లో సెర్న్‌లో డబ్ల్యూ బోసాన్, ఇప్పటి లెక్కకి మాస్ 80.4 జీఈవీ. కప్లింగ్, అంటే ఇంటరాక్షన్ బలం, ఒకటి కంటే చిన్నది కాబట్టి 293 కంటే కిందే దొరికింది. డబ్ల్యూ ప్రొపగేటర్‌ని తక్కువ మొమెంటమ్‌కి విప్పి ఫెర్మీ స్థిరాంకాన్ని నువ్వే రాబట్టు. పై సిద్ధాంతాన్నీ కింది సిద్ధాంతాన్నీ ఇలా సరిపెట్టడమే మ్యాచింగ్.

మ్యాచింగ్ చేతికొచ్చాక రన్నింగ్, అంటే స్కేల్‌తో పాటు కప్లింగులు మారడం, దానంతటదే అర్థమవుతుంది. బీ క్వార్క్ క్షయంలో ఒక పక్క 80 జీఈవీ, ఇంకో పక్క 4 జీఈవీ చిల్లర. రెండింటినీ ఒకే లెక్కలో పెడితే వాటి నిష్పత్తి లాగ్, సుమారు 3, స్ట్రాంగ్ కప్లింగ్‌తో గుణించుకుంటూ ప్రతి ఆర్డర్‌లోనూ వచ్చి పడుతుంది, పెర్టర్బేషన్ సిరీస్ మీద నమ్మకం పోతుంది. పైన మ్యాచ్ చేసి, ఆ మార్పు రేటు చెప్పే బీటా ఫంక్షన్ పట్టుకుని మెట్టుమెట్టుగా దిగివస్తే ఆ లాగులన్నీ ఒకేసారి కూడిపోతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. ఎమ్ఎస్-బార్ స్కీమ్‌లో (అనంతాలను తీసేసే ఒక పద్ధతి) బరువైన కణాలు వాటంతట అవి తప్పుకోవు. వాటి మాస్ దాటేటప్పుడు నువ్వే తీసేసి మళ్లీ మ్యాచ్ చెయ్యాలి.

ఇప్పుడు అందరినీ తికమక పెట్టే చోటు. ఎఫెక్టివ్ యాక్షన్ అనే పేరు రెండు వేరువేరు వస్తువులకు ఉంది. ఒకటి గామా. 1964లో యోనా-లాసీనియో చూపినట్టు, సోర్స్ పెట్టి జెనరేటింగ్ ఫంక్షనల్ కట్టి, దానికి లెజెండర్ ట్రాన్స్‌ఫార్మ్ తీసుకుంటే వచ్చేది. అందులో అన్ని మొమెంటాల కదలికలూ అప్పటికే కలిసిపోయి ఉంటాయి, దాంతో ఇక ట్రీ లెవెల్ లెక్క చేస్తే చాలు. మాస్ లేని కణాలుంటే అందులో మొమెంటమ్ లాగులు వస్తాయి, అది లోకల్‌గా ఉండదు. రెండోది విల్సన్‌ది. లామ్డా అనే కటాఫ్ స్కేల్‌కి పైనున్న మోడ్‌ల మీద మాత్రమే ఇంటెగ్రేట్ చేస్తాం. కిందవి ఇంకా మిగిలే ఉంటాయి, కాబట్టి లూపులు ఇంకా చెయ్యాలి. డెరివేటివ్‌లలో విప్పుకోగలిగేది ఇదే. ఏ వ్యాసం చదివినా, ఇతను రెండిట్లో దేని గురించి మాట్లాడుతున్నాడు అని మార్జిన్‌లో రాసుకో. 1993లో వెటరిష్ రాసిన సమీకరణం ఈ రెంటి మధ్య వంతెన లాంటిది: స్కేల్ పైనున్నప్పుడు మొదటి యాక్షన్‌తో బయలుదేరి, సున్నాకి దిగేసరికి పూర్తి గామా అవుతుంది. అది అందంగా ఉంటుంది, కానీ రెండూ విడివిడిగా చేతికొచ్చాకే దాని జోలికి వెళ్లు.

నువ్వు తప్పకుండా చేతితో చెయ్యాల్సిన లెక్క విల్సన్, ఫిషర్‌లది, 1972 నాటిది. ఫై పవర్ 4 సిద్ధాంతం, 4 మైనస్ ఎప్సిలాన్ డైమెన్షన్లు. పై అంచున సన్నటి షెల్ తీసి దాని మీద మాత్రమే ఇంటెగ్రేట్ చెయ్యి. రెండు బొమ్మలు చాలు: మాస్‌ని సవరించేది ఒకటి, కప్లింగ్‌ని సవరించేది ఇంకొకటి. రెండోదానికి ఎస్, టీ, యూ అని మూడు చానళ్లు. ఆ 3 ఎక్కడిదో నీ చేతే లెక్కపెట్టుకో, ఎందుకంటే కప్లింగ్ ఇక మారకుండా నిలిచే ఫిక్స్‌డ్ పాయింట్ విలువలో హారంలో కూర్చునేది అదే. చివరికి, క్రిటికల్ పాయింట్ దగ్గర కోరిలేషన్ పొడవు ఎలా పెరుగుతుందో చెప్పే న్యూ అనే ఎక్స్‌పోనెంట్‌ని తిరగేస్తే 2 మైనస్ ఎప్సిలాన్ బై 3 వస్తుంది. మన త్రీడీకి ఎప్సిలాన్ 1. నేరుగా పెడితే న్యూ 0.6. ముందు విప్పుకుని, అర ప్లస్ ఎప్సిలాన్ బై 12 అని రాసి పెడితే 0.583. ఏది సరైంది? మొదటి ఆర్డర్ వరకు రెండూ సరైనవే. ఆ రెంటి మధ్య తేడా, నువ్వు వదిలేసిన తర్వాతి పదం ఏపాటిదో నీకు చెబుతోంది. ఇప్పుడు తెలిసిన విలువ 0.630. ఫ్లక్చుయేషన్లు పట్టించుకోని మీన్-ఫీల్డ్ ఇచ్చేది 0.5. రెండే బొమ్మలతో అంత దగ్గరికి రావడం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే సంగతి. పైగా ఇదే సంఖ్య 31 డిగ్రీల క్రిటికల్ పాయింట్ దగ్గరున్న కార్బన్ డయాక్సైడ్‌కీ వర్తిస్తుంది, స్పిన్‌లు ఒకే అక్షం వెంట పైకో కిందికో నిలిచే అయస్కాంతానికీ వర్తిస్తుంది. మిగతా కప్లింగులన్నీ దారిలోనే చచ్చిపోయి, రెండూ ఒకే ఫిక్స్‌డ్ పాయింట్‌కి చేరతాయి కాబట్టి.

కోల్‌మన్, వైన్‌బర్గ్ 1973లో కట్టిన వన్-లూప్ పొటెన్షియల్ కూడా చెయ్యి, కానీ వాళ్ల హెచ్చరిక మర్చిపోకు. మాస్ లేని ఫై పవర్ 4లో లూప్ కలిపితే సున్నాకి దూరంగా ఒక కొత్త మినిమమ్ కనిపిస్తుంది. కనిపించింది కదా అని నమ్మేయకు. అక్కడ లామ్డా (ఇక్కడ కటాఫ్ కాదు, ఫై పవర్ 4 కప్లింగ్), లాగ్ లబ్ధం పెద్దదైపోతుంది, లెక్క చెల్లదు. అదే చార్జ్ ఉన్న స్కేలార్‌కి ఫోటాన్‌ని జతచేస్తే, లామ్డా చార్జ్ పవర్ 4 స్థాయిలో ఉన్నప్పుడు మినిమమ్ నిజంగానే నిలబడుతుంది. ఈ రెండూ పక్కపక్కన చేసిన విద్యార్థికి ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు కూడదో జన్మలో మర్చిపోవడం ఉండదు.

కటాఫ్ స్క్వేర్ పదాలు చూసి హిగ్స్ మాస్ గురించి పెద్దపెద్ద మాటలు చెప్పేవాళ్లు తగులుతారు. కటాఫ్ నువ్వు పెట్టుకున్నది, దాన్ని కొలవలేం. అక్కడ నిజంగా ఒక బరువైన కణం ఉంటే దాని మాస్‌తో లెక్క చేసి చూపించమను. అప్పుడు వాదించు.

ఒంటరిగా చదవకు. నీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేథమేటికల్ సైన్సెస్ 1962లో పుట్టిందే మైలాపూర్‌లో అల్లాడి రామకృష్ణన్ గారు సొంతింట్లో నడిపిన సెమినార్లోంచి. 1960లో మద్రాసు వచ్చిన నీల్స్ బోర్ కూడా ఆ కుర్రాళ్లని చూసి ముచ్చటపడ్డారు. నలుగురు కలిసి వారానికోసారి బోర్డు ముందు నిలబడండి, నోట్స్ చూడకుండా చెయ్యాలని నియమం పెట్టుకోండి.

ఇంకొకటి, నోట్‌బుక్ మొదటి పేజీలోనే గుర్తులు రాసిపెట్టుకో. విల్సన్ దారిలో వెళ్లేవాళ్లకి ఫ్లో పై నుంచి కిందికి, కణ భౌతికం వాళ్ల బీటా ఫంక్షన్‌లో స్కేల్ కింది నుంచి పైకి. అంటే ఒకరి ప్లస్ ఇంకొకరి మైనస్. మెట్రిక్ యూక్లిడియనా, మింకోవ్‌స్కీయా, లామ్డా కింద 4 ఫాక్టోరియల్ ఉందా, ఉత్త 4 ఉందా, స్కీమ్ ఏది, అన్నీ ఆ పేజీలోనే ఉండాలి. మొదట ఆ రెండు చరరాశుల లెక్క పూర్తి చేసి కాగితాలు వాట్సాప్‌లో పంపు. చూసి, ఎక్కడ అనుమానముంటే అక్కడ ఎర్ర సిరాతో రాసి పంపిస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న
తిరువాన్మియూర్, చెన్నై