పెరటి యాపిల్స్‌తో సైడర్: కొత్తగా వచ్చినవాళ్ల సందేహాలకు జవాబు

విదేశానికి కొత్తగా వచ్చి, పెరట్లో యాపిల్ చెట్టున్న ఇల్లు అద్దెకు దొరికినవాళ్లు మొదటి ఏడాది కాపు చూసి అడిగేది ఒకటే: "ఇన్ని కాయలు ఏం చేసుకోవాలండీ?" ఫ్రిజ్ నింపి, ఆఫీసులో పంచాక కూడా గడ్డి మీద రాలుతూనే ఉంటాయి. సైడర్, అంటే యాపిల్ రసాన్ని పులియబెట్టిన మందు, చేసుకోండి అంటే, వెంటనే రెండో ప్రశ్న: "ఇంట్లో చేసిన మందు తాగితే కళ్లు పోవు కదా?"

పోవు. కల్తీ సారా వార్తలు వింటూ పెరిగాం కాబట్టి ఆ టెన్షన్ సహజమే. పులిసిన పండ్ల రసంలో పెక్టిన్ (పండ్లలోని జిగురు పదార్థం) వల్ల మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కాస్త ఉంటుంది గానీ, అది కళ్లు తీసేంత కాదు. పులియబెట్టడంతో ఆగండి, బట్టీ పెట్టే సరదా మాత్రం వద్దు. లైసెన్సు లేకుండా సారా కాచడం చాలా దేశాల్లో నేరం, వీసా మీద ఉన్నవాళ్లకు ఆ తలనొప్పి అసలే అక్కర్లేదు. సొంతానికి సైడర్ పులియబెట్టుకోవడం చాలాచోట్ల తప్పు కాదు, అమ్మితేనే చిక్కు. అయినా మీరున్న చోట రూలేమిటో ఒకసారి చూసుకోండి.

కాయ పండిందో లేదో తెలియాలంటే అడ్డంగా కోసి గింజ చూడండి. ముదురు గోధుమ రంగులో ఉండాలి. తెల్లగా ఉందంటే లోపలి పిండిపదార్థం ఇంకా పూర్తిగా చక్కెర కాలేదన్నమాట. కోశాక వారం పది రోజులు నీడన పెట్టండి. బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి దిగేలా మెత్తబడితే రసం బాగా వస్తుంది. రాలిన కాయల్లో దెబ్బ తగిలినవి పర్వాలేదు, బూజు పట్టినవి మాత్రం పారేయండి. ఆ బూజులో పాట్యులిన్ అనే విషం ఉండొచ్చు. జంతువులు తిరిగే చోట రాలినవాటిని కూడా వదిలేయడమే మంచిది. అన్నీ తియ్యటి కాయలే అయితే సైడర్ చప్పగా వస్తుంది. పుల్లటివి కొన్ని కలపండి, చిన్న వగరు కాయల చెట్టు దగ్గర్లో ఉంటే ఇంకా నయం.

పది కిలోల కాయలకు సుమారు 5 లీటర్ల రసం అనుకోండి. మిక్సీలో మెత్తగా రుబ్బేస్తే గుడ్డలోంచి రసం దిగక చేతులు నొప్పి పుట్టడమే మిగులుతుంది, కచ్చాపచ్చాగా చాలు. ప్రెస్ లేనివాళ్లకో ఉపాయం: ముక్కలు కోసి డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి. ఆ మంచు పండు కణాల గోడల్ని చీల్చేస్తుంది, కరిగాక గుడ్డలో మూటకట్టి పిండితే రసం సులువుగా కారుతుంది. ఇనుము, రాగి పాత్రలు వాడొద్దు, పులుపుకి లోహం దిగుతుంది.

4.5 లీటర్ల జాడీకి ఒక క్యాంప్డెన్ బిళ్ల (రసంలోని అక్కర్లేని సూక్ష్మజీవుల్ని అణచేది) పొడిచేసి వేసి, 24 గంటలు ఆగి సైడర్ యీస్ట్ గానీ షాంపేన్ యీస్ట్ గానీ కలపండి. బిళ్లలో ఉండేది సల్ఫైట్, ఆస్తమా ఉన్నవాళ్లు జాగ్రత్త. నురగ పొంగుతుంది కాబట్టి మొదట్లో జాడీని మెడ దాకా నింపకండి. కింద ట్రే లేకుండా కార్పెట్ మీద పెట్టారా, అద్దె డిపాజిట్ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని బయటికి వదిలి, బయటి గాలిని రానివ్వని మూత) బిగించి 15 నుంచి 18 డిగ్రీల వేడి ఉన్న మూల చూసి వదిలేయండి. నురగ అణిగాక గాలి చోటు మిగలకుండా పైదాకా నింపాలి. మధ్యలో కుళ్లిన గుడ్డు వాసన వస్తే కంగారు పడకండి, మామూలుగా దానంతటదే పోతుంది.

అసలు ప్రమాదం సీసాల దగ్గర. బుడగలు ఆగాయి కదా, అయిపోయిందనుకుంటారు చాలామంది. చలికి యీస్ట్ పని మానేసి కూర్చున్నా బుడగలు ఆగుతాయి. అప్పుడు సీసాల్లో పోసి మూత బిగిస్తే, ఎండలు ముదిరాక యీస్ట్ మళ్లీ లేచి, అర్ధరాత్రి అల్మారాలో గాజు పేలుతుంది. అందుకే అన్నింటికంటే ముందు హైడ్రోమీటర్ కొనండి. రసంలో తేలుతూ చక్కెర ఎంతుందో చూపే గాజు గొట్టం అది: నీళ్లకు 1.000, చక్కెర ఉన్నకొద్దీ అంకె ఎక్కువ. పొడవాటి గ్లాసులో రసం పోసి దాన్ని అందులో వదిలి, వేళ్లతో ఒకసారి గిర్రున తిప్పండి, అతుక్కున్న బుడగలు రాలిపోతాయి. కన్ను ద్రవం మట్టానికి దించి అంకె చదవండి. యీస్ట్ వేయకముందు 1.050 ఉండి చివరకు 1.000కి దిగితే ఆల్కహాల్ దాదాపు 6.5 శాతం, అంటే మామూలు బీరు కంటే ఎక్కువే. రెండు వారాల తేడాతో రెండుసార్లు చూసినా అదే 1.000 గానీ, అంతకు తక్కువ గానీ కదలకుండా ఉంటేనే మడ్డి కదపకుండా గొట్టంతో సీసాల్లోకి తీయండి. గ్యాస్ కావాలంటే లీటరుకు 5 గ్రాముల చక్కెర, అంతకు మించి వద్దు. మొదటిసారికి ఖాళీ కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ బాటిల్సే మేలు. నొక్కి చూస్తే రాయిలా తగిలిందంటే ఫ్రిజ్‌లోకి మార్చేయొచ్చు.

"తియ్యగా లేదేంటండీ?" అంటారు తాగాక. ఉన్న చక్కెరంతా యీస్ట్ తినేసింది మరి. తీపి కావాలంటే తాగే ముందు గ్లాసులో కలుపుకోండి, సీసాలో కాదు.

మందు ముట్టని ఇళ్లలో పచ్చి రసాన్నే సీసాలకు పట్టి, వేడినీళ్లలో నిలబెట్టి, లోపలి రసం 75 డిగ్రీలకు చేరాక 20 నిమిషాలు ఆ వేడి తగ్గకుండా ఉంచి మూత బిగించండి. పిల్లలకు ఇవ్వాలంటే రాలిన కాయలు కాకుండా కోసినవే వాడండి. మిగిలిన సైడర్‌కి పల్చటి గుడ్డ మాత్రం కట్టి గాలి తగలనిస్తే కొన్ని నెలల్లో వెనిగర్ అవుతుంది. ఆ జాడీని సైడర్ ఉన్న గదిలో మాత్రం పెట్టకండి. చిన్న ఈగలు దాని మీద వాలి ఇటు వస్తే ఇదీ వెనిగరే.