ఫీజు కట్టకపోతే ఆన్‌లైన్ క్లాసు లింక్ ఆపేయొచ్చా?

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి, పాప నాలుగో తరగతి. హైదరాబాద్‌లో ఒకే ప్రైవేటు స్కూల్లో చదువుతున్నారు. కరోనా వల్ల బడి మూసి, క్లాసులు ఆన్‌లైన్‌లో పెడుతున్నారు. అవి ఎలా ఉన్నాయో చెప్పమని స్కూలు వాళ్లు 2021 జూన్‌లో ఒక ఫారం పంపారు. పాప రోజూ మూడు గంటలు స్క్రీన్ ముందు కూర్చోలేకపోతోందని, టీచర్ మాట సగం వినబడడం లేదని, తెరవని ల్యాబ్‌కి డబ్బులెందుకని చాలామందిమి రాశాం. దానికి జవాబుగా మొన్న సర్క్యులర్ వచ్చింది. ఎక్కువమంది తల్లిదండ్రులు సంతృప్తిగానే ఉన్నారట. 'మీ సూచనల మేరకు' రోజుకు ఇంకో పీరియడ్ కలుపుతారట. డిజిటల్ ఖర్చులన్నీ ట్యూషన్ ఫీజులోనే చేర్చారట. జులై 31లోగా టర్మ్ ఫీజు కట్టకపోతే క్లాసు లింక్ ఆపేస్తారట. నచ్చనివాళ్లు టీసీ తీసుకోవచ్చట. వాట్సాప్ గ్రూపుల్లో స్కూలును విమర్శిస్తే కేసు పెడతారట. 2019-20లో బాబు ట్యూషన్ ఫీజు 42 వేలు, ఇప్పుడు 51 వేలు అంటున్నారు. మావారికి ఏడాదిగా సగం జీతమే వస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?
- ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు ఆ సర్క్యులర్‌ని ప్రింట్ తీసి భద్రంగా పెట్టుకోండి. ఇలాంటి మాటలు స్కూళ్లు మామూలుగా క్లాస్ టీచర్‌తో ఫోన్‌లో చెప్పిస్తాయి, కాగితం మీద పెట్టవు. మీ స్కూలు పెట్టింది. రేపు ఎక్కడికి వెళ్లినా మీ చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం అదే.

ఫీజు సంగతి చూద్దాం. తెలంగాణ ప్రభుత్వం 2020 ఏప్రిల్ 21న జీవో 46 ఇచ్చింది. ప్రైవేటు స్కూళ్లు ఫీజు పెంచకూడదు, ట్యూషన్ ఫీజు ఒక్కటే తీసుకోవాలి, అదీ నెలనెలా తీసుకోవాలి అన్నది దాని సారాంశం. 2021 జూన్ 28న ఇచ్చిన జీవో 75 కూడా 2021-22కి అదే చెప్పింది. స్టేట్ సిలబస్ అయినా, సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ అయినా తేడా లేదు. ఉల్లంఘిస్తే గుర్తింపు గానీ, ఎన్ఓసీ (ప్రభుత్వం ఇచ్చే నిరభ్యంతర పత్రం) గానీ రద్దు చేయవచ్చు. అంటే టర్మ్ ఫీజు ఒక్కసారిగా కట్టమనడమే మొదటి తప్పు.

రెండో తప్పు ఆ 51 వేలు. జీవో 46 వచ్చాక చాలా స్కూళ్లు పట్టుకున్న దారి ఇదే. ల్యాబ్, లైబ్రరీ, కంప్యూటర్ ఫీజులన్నీ ట్యూషన్ ఫీజు అనే పేరు కిందకి తెచ్చాయి. ట్యూషన్ ఫీజు అంటే ఏమిటో జీవోలో వివరంగా లేకపోవడం వాళ్లకు కలిసొచ్చింది. మీకు ఇక్కడ పాత రసీదు పనికొస్తుంది. 2019-20 రసీదులో ట్యూషన్ ఫీజు విడిగా 42 వేలని ఉంటే, ఇప్పుడు 51 వేలంటే అది పెంపే. డిజిటల్ ఖర్చులు 'కలిపాం' అని స్కూలే రాసిచ్చింది కాబట్టి, ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో మీరు వేరే నిరూపించాల్సిన పని కూడా లేదు. రసీదు దొరక్కపోతే బ్యాంకు స్టేట్‌మెంట్, స్కూలు యాప్‌లోని పాత ఫీజు పేజీ ఫొటో తీసి పెట్టుకోండి.

లింక్ ఆపడం గురించి. జోధ్‌పూర్‌లోని ఇండియన్ స్కూల్ కేసులో సుప్రీంకోర్టు 2021 మే 3న తీర్పు చెప్పింది. ఫీజు బకాయి ఉందని ఏ విద్యార్థినీ ఆన్‌లైన్ క్లాసు నుంచి గానీ, బడిలో క్లాసు నుంచి గానీ ఆపొద్దని, ఫలితాలు దాచొద్దని ఆదేశించింది. బడులు మూసి ఉండడం వల్ల కరెంటు, నీళ్లు, డీజిల్, నిర్వహణ ఖర్చులు మిగిలాయి కాబట్టి 2020-21 ఫీజులో 15 శాతం తగ్గించమంది. ఇవ్వని సౌకర్యానికి డబ్బు తీసుకోవడం లాభాపేక్షే అవుతుందన్నది కోర్టు వాదన. అయితే ఆ 15 శాతం మన దగ్గరా దానంతటదే వర్తిస్తుందని వాట్సాప్‌లో తిరుగుతున్న మాట నమ్మకండి. ఆ ఆదేశం రాజస్థాన్ స్కూళ్లకు. కోర్టు చెప్పిన కారణాలను మాత్రం ఇక్కడి అధికారుల ముందు, హైకోర్టులో ధైర్యంగా చూపించవచ్చు.

అదే తీర్పులో మీకు నచ్చని మాట కూడా ఉంది. బకాయిని చట్టప్రకారం వసూలు చేసుకునే హక్కు స్కూలుకు ఉంటుంది. అందుకని 'ఫీజు కట్టడమే మానేద్దాం' అనే గ్రూపు నిర్ణయాలకు తలూపకండి. పాత ట్యూషన్ ఫీజు లెక్కన నెలవారీ మొత్తం ఆన్‌లైన్‌లో కట్టేయండి. అదీ కష్టమైతే మీవారి పే స్లిప్పులు జతచేసి వాయిదా కోరుతూ ఉత్తరం రాయండి. ఇలాంటి ఇబ్బంది చెప్పుకున్నవాళ్ల విషయం సానుభూతితో చూడాలని కూడా సుప్రీంకోర్టు చెప్పింది.

క్లాసుల నాణ్యత దగ్గరికొస్తే నా జవాబు మీకు నిరాశే. టీచర్ బాగా చెప్పడం లేదని వేసే కేసు నిలబడదు. విద్య 'సేవ' కిందకు రాదని సుప్రీంకోర్టు తీర్పులు ఉన్నాయి కాబట్టి వినియోగదారుల కమిషన్ చుట్టూ తిరగమని కూడా నేను చెప్పను. స్క్రీన్ సమయం మీద మాత్రం పట్టు ఉంది. కేంద్ర విద్యాశాఖ 2020 జులైలో విడుదల చేసిన 'ప్రజ్ఞాత' మార్గదర్శకాల ప్రకారం ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు రోజుకు రెండు సెషన్లే, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు. ఇది సూచనే గానీ చట్టం కాదు. అయినా మూడు గంటలు ఎక్కువవుతున్నాయని తల్లిదండ్రులు రాస్తే ఇంకో పీరియడ్ కలిపి, దానికి 'మీ సూచనల మేరకు' అని పేరు పెట్టిన స్కూలును డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆ మార్గదర్శకాలు చూపి నిలదీయగలరు.

కేసు బెదిరింపుకు భయపడకండి. మంచి ఉద్దేశంతో సంబంధిత అధికారికి చేసిన ఫిర్యాదు పరువు నష్టం కిందకు రాదు, ఐపీసీ 499 సెక్షన్‌లో ఉండిన ఆ మినహాయింపు 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో ఉంది. గ్రూపులో మాత్రం ప్రిన్సిపాల్‌ను తిట్టొద్దు, దొంగలు అనొద్దు. రసీదు పెట్టి ప్రశ్న అడగండి, చాలు.

టీసీ ఇష్టమైతేనే తీసుకోండి, ఎవరో పొమ్మన్నారని కాదు. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయడానికి వీల్లేదు. ఒకవేళ మీరే ప్రభుత్వ బడికి మారాలనుకుంటే, టీసీ ఆలస్యమైందని అక్కడ సీటు నిరాకరించకూడదు (5వ సెక్షన్).

ఇప్పుడు చేయాల్సింది: పది మంది తల్లిదండ్రులు కలిసి సంతకాలతో స్కూలుకు ఒక వినతిపత్రం రాయండి. జీవో 75, పాత రసీదులు, సర్క్యులర్ జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, కాపీ డీఈఓకు ఇచ్చి రిసీవ్డ్ ముద్ర వేయించుకోండి. ఆగస్టు 1న నిజంగానే లింక్ ఆగితే ఆ స్క్రీన్‌షాట్ తీసి అదే రోజు డీఈఓకు మళ్లీ రాయండి. అప్పటికీ కదలిక లేకపోతే హైకోర్టులో రిట్ (అధికారులు తమ పని చేసేలా ఆదేశించమని కోరే పిటిషన్) వేయవచ్చు. అందులో స్కూలు ఒక్కదాన్నే ప్రతివాదిగా పెట్టకండి, ప్రైవేటు సంస్థ మీద రిట్ నిలబడదని మొదటి రోజే అభ్యంతరం వస్తుంది. ప్రభుత్వాన్ని, డీఈఓను చేర్చి, మీ ఫిర్యాదుపై చర్య తీసుకోమని ఆదేశించాలని కోరండి.