సోమవారం వద్దు, మంగళవారం వెళ్లండి

అక్కా, సోమవారం బరంపురం నుంచి అమ్మగారిని భువనేశ్వర్ తీసుకెళ్లి పట్టచిత్రాలు (గుడ్డ మీద వేసే ఒడిశా సంప్రదాయ బొమ్మలు), తాటాకు గ్రంథాలు చూపించాలా, లేక త్వరలో వచ్చే కొత్త ప్రదర్శన దాకా ఆగాలా అని అడిగారు. ముందుగా, వెళ్లే రోజు మార్చుకోండి. ఒడిశా స్టేట్ మ్యూజియం, చేతివృత్తుల మ్యూజియం కళాభూమి రెండూ సోమవారం మూసే ఉంటాయి.

కొత్త ప్రదర్శన కోసం ఆగడం నాకైతే అనవసరం అనిపిస్తుంది. అమ్మగారు అడిగినవి స్టేట్ మ్యూజియం శాశ్వత గ్యాలరీల్లోనే ఉన్నాయి. ముఖ్యంగా తాటాకుల దగ్గర తొందరపెట్టకండి. గంటంతో, అంటే ఇనుప మొన కలంతో, ఆకు మీద గీసి, మసి పూసి తుడిస్తే గీతలో మాత్రమే నలుపు నిలుస్తుంది. వెంట్రుకంత సన్నని గీతలతో గీతగోవిందం బొమ్మలు వేసిన ఆ చేతుల్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మ్యూజియాల్లో ఇలాంటి వస్తువులకు మామూలుగా 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) మసక వెలుతురే ఇస్తారు. ఎక్కువైతే రంగు వెలిసిపోతుంది, మళ్లీ రాదు. కొన్నిటిని అప్పుడప్పుడు తీసి చీకట్లో పెట్టేదీ అందుకే. కాబట్టి అమ్మగారి కళ్లజోడు మరవొద్దు.

ఓపిక మిగిలితే మధ్యాహ్నం కళాభూమి చూడండి, లేకపోతే టెన్షన్ పడకండి. స్టేషన్ దగ్గర ఆటోవాళ్లకు కల్పనా చౌక్ మ్యూజియం అని చెబితే చాలు.