బడి పండుగ స్టాల్‌కు పొయ్యి లేని మిఠాయిలు

నల్లకుంట, హైదరాబాద్

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

బడి ఆవరణలో పొయ్యి గానీ గ్యాసు బండ గానీ పెట్టనివ్వరని, ఏడో తరగతి పిల్లలు తమ చేతులతోనే చేసి అమ్మదగ్గ మిఠాయిలు చెప్పమని అడిగావు. ఇంట్లో తినే మిఠాయికి రుచి ఒక్కటి ఉంటే చాలు. స్టాల్‌లో పెట్టేది మాత్రం ఉదయం నుంచి సాయంత్రం దాకా బల్ల మీద నిలిచి, చిట్టచివర వచ్చి కొన్న పిల్లకు కూడా మొదట కొన్న పిల్లకు దొరికినంత బాగా దొరకాలి. అందుచేత ఏ మిఠాయి గురించి ఆలోచించినా ముందుగా అందులో తడి ఎంత ఉందో చూడు. తడి తగలని ఉండలు చాలా రోజులు నిలుస్తాయి. తడి ఉన్నవి మన ఊరి ఎండకు మధ్యాహ్నం దాటకముందే పులిసిపోవచ్చు.

పొయ్యి అక్కరలేని తీపి మనకు కొత్త కాదు. నాగుల చవితికి నువ్వులూ బెల్లమూ కలిపి చిమ్మిలి దంచుతాము, తొలి ఏకాదశికి పేలాల పిండిలో బెల్లం కలుపుతాము, బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఒకనాడు నానబియ్యం, మరొకనాడు నువ్వులూ వెన్నా బెల్లమూ కలిపిన ముద్దలు నైవేద్యం పెడతాము. శ్రీరామనవమికి వడపప్పూ పానకమూ ఉండనే ఉన్నాయి. అయితే వీటిలో నానబెట్టి చేసేవన్నీ, అంటే నానబియ్యం, పచ్చి చలిమిడి, వడపప్పు వంటివి, నైవేద్యం పెట్టిన వెంటనే పంచుకుని తినడానికి ఏర్పడినవి కనుక వాటిని అమ్మకానికి పెట్టవద్దు. పొడిగా దంచి ఉండ కట్టేవాటినే తీసుకో.

నా మటుకు నేను మొదటి స్థానం పుట్నాల ఉండలకే ఇస్తాను. పుట్నాల పప్పు వేయించే వస్తుంది గనుక మళ్లీ నిప్పు తగలనవసరం లేదు, ధర కూడా జీడిపప్పులా భయపెట్టదు. అరకిలో పుట్నాలను మిక్సీలో మెత్తగా పొడి చేసి జల్లించి, 350 గ్రాముల పంచదార పొడి, ఏడెనిమిది యాలకుల పొడి, చిటికెడు ఉప్పు కలిపి, సుమారు 175 గ్రాముల కరిగిన నెయ్యి పోసి కలపాలి. నెయ్యి అంతా ఒక్కసారి పోయకుండా, మొదట మూడు వంతులు పోసి, పిడికిట పట్టి చూసి, పిండి విడిపోతుంటేనే మిగిలినది చేర్చమని పిల్లలకు చెప్పు. నెయ్యి ఎక్కువైన ఉండలు కాస్త వేడి తగలగానే అడుగు పరచుకుని, కాగితానికి జిడ్డు అంటిస్తాయి. డిసెంబరు, జనవరి ఉదయాల్లో మన దగ్గర నెయ్యి గడ్డకట్టి ఉంటుంది కాబట్టి సీసాను వేడినీళ్ల గిన్నెలో కాసేపు నిలబెడితే సరిపోతుంది. 25 గ్రాముల చొప్పున చుడితే ఈ కొలతకు 40 ఉండలు వస్తాయి. మొదటి ఉండను తూకం వేసి, దాన్ని నమూనాగా ముందు పెట్టుకుని మిగిలినవి చుట్టమను. ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే కొనేవారి దగ్గర పేచీ వస్తుంది.

రెండోది పల్లీల ఉండ గానీ చిమ్మిలి గానీ పెట్టు. వేయించి పొట్టు తీసిన పల్లీలు అరకిలోకు 350 గ్రాముల తురిమిన బెల్లం చాలు, నెయ్యి అక్కరలేదు, ఎందుకంటే పల్లీల్లో ఉన్న నూనే ఉండను పట్టి ఉంచుతుంది. మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఒకేసారి ఎక్కువసేపు తిప్పితే నూనె పైకి తేలి ముద్దముద్దగా అయిపోతుంది. బెల్లం గట్టిగా, పొడిగా ఉన్నది చూసి కొను, వానాకాలం పోని రోజుల్లో చెమ్మ పట్టిన బెల్లం వాడితే ఉండలు చేతికి అంటుకుంటాయి. నువ్వులతో చేసేటట్లయితే ముందురోజు రాత్రి నువ్వే ఇంట్లో దోరగా వేయించి, పూర్తిగా ఆరనిచ్చి డబ్బాలో పోసి పంపించు. నిప్పుతో ఆ ఒక్క పని పెద్దవాళ్లది.

మూడోది ఈ కాలపు పిల్లలు ఇష్టపడేది ఒకటి ఉండాలి. 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాకు దుకాణంలో దొరికే సన్నని ఎండుకొబ్బరి పొడి సుమారు 300 గ్రాములు కలిపి, చిన్న చిన్న ఉండలు చుట్టి, అదే పొడిలో దొర్లిస్తే చూడముచ్చటగా ఉంటాయి. ఇవి మాత్రం ఆ ఉదయమే చేసి, ఐసు పెట్టెలో ఉంచి, కొద్దికొద్దిగా బల్ల మీదకు తీయాలి. పచ్చి కొబ్బరి తురుము ఎంత రుచిగా ఉన్నా ఇందులో వేయవద్దు. కొబ్బరి వద్దనుకుంటే మారీ బిస్కెట్ల పొడిలో కోకో, కండెన్స్‌డ్ మిల్క్ కలిపి చుట్టవచ్చు; పైన చాక్లెట్ పూత పూయకండి, ఎండకు కరిగి కారిపోతుంది. బిస్కెట్లకు బదులు పచ్చి మైదా కలిపి చేసే పద్ధతులు కొన్ని వీడియోల్లో కనిపిస్తున్నాయి. కాల్చని, ఉడికించని పిండిలో రోగం తెచ్చే సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఉంది కనుక పిల్లల తిండిలో దాని జోలికి పోవద్దు. ఖర్జూరం ఉండలు మంచివే గానీ ఖర్చు ఎక్కువ. చేస్తే బేగంబజారులో ఖర్జూరాలు, బాదం, జీడిపప్పు ఒక్కచోటే కొని, గింజ తీసినవని రాసి ఉన్నా ఒక్కొక్కటీ విప్పి చూసుకో.

మూడు రకాలకు మించి పెట్టవద్దని నా గట్టి అభిప్రాయం. రకాలు పెరిగినకొద్దీ పిల్లల చేతులు చాలవు, మిగిలిపోయేది పెరుగుతుంది. ఈ ఆదివారమే ప్రతి రకమూ నాలుగో వంతు కొలతతో చేసి, మూత పెట్టి బాల్కనీలో సాయంత్రం దాకా ఉంచి రుచి చూడండి. ఏది నిలిచిందో, ఏది జారిందో ఆ గిన్నెలే చెబుతాయి.

విడిగా అమ్మే మిఠాయిలకు కూడా ఏ తేదీలోగా తినాలో చూపించాలని మన ఆహార భద్రతా సంస్థ 2020 అక్టోబరు 1 నుంచి మిఠాయి దుకాణాలకు నిబంధన పెట్టింది. మీది దుకాణం కాకపోయినా ఆ పద్ధతి పాటించండి. ప్రతి పళ్లెం ముందు ఒక అట్ట నిలబెట్టి, మిఠాయి పేరు, చేసిన తేదీ, ఏ తేదీలోగా తినాలో, అందులో వేసిన ప్రతి వస్తువూ పెద్ద అక్షరాలతో రాయించు. పల్లీలు, జీడిపప్పు, నువ్వులు, పాలు పడని పిల్లలు ఉంటారు. కొందరికి పల్లీ పొడి అంటిన చెంచా తగిలినా ప్రాణం మీదకు వస్తుంది. అందుకే పల్లీల ఉండలను అన్నిటికన్నా ఆఖరున చేసి, వేరే పళ్లెంలో, వేరే పట్టుకారుతో పెట్టించు. తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ వెంటబెట్టుకుని వచ్చేవారు కూడా ఉంటారు గనుక ఏ ఉండలోనూ పల్లీ గింజగానీ జీడిపప్పుగానీ ముక్కలుగా మిగలకుండా పొడి చేయండి. అవి చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడతాయి.

డబ్బు తీసుకునే పిల్ల మిఠాయి ముట్టకూడదు, మిఠాయి ఇచ్చే పిల్ల డబ్బు ముట్టకూడదు. ఈ ఒక్క నియమం విషయంలో నువ్వు మెత్తబడవద్దు. గోళ్లు తీయించి, సబ్బుతో చేతులు కడిగించి, జుట్టు ముడి వేయించిన తర్వాతే ఉండలు చుట్టనివ్వు. ఈగలకు జాలీ మూతలు, చీమలకు బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టు.

ధర విషయానికొస్తే, 40 ఉండలకు సరుకులు 300 రూపాయలు అయ్యాయనుకుంటే ఒక్కోటి ఏడున్నర పడుతుంది. కాగితపు గిన్నెల ఖర్చు, మిగిలిపోయేవాటి నష్టం కలిపితే ఒకటి 10 రూపాయలకు అమ్మడం వల్ల మీకు ఏమీ మిగలదు. రెండేసి ఉండలు ఒక గిన్నెలో పెట్టి 30 రూపాయలకు ఇస్తే పెట్టినదానికి రెట్టింపు వస్తుంది, చిల్లర కూడా పది రూపాయల నోట్లతోనే తేలిపోతుంది. సాయంత్రానికి మిగిలిన పుట్నాల ఉండలు, పల్లీల ఉండలు స్టీలు డబ్బాలో దాచుకోవచ్చు. కండెన్స్‌డ్ మిల్క్‌తో చేసినవి మాత్రం మర్నాటి అమ్మకానికి ఉంచకుండా, బాగున్నంతవరకు పిల్లలకు పంచి, అనుమానం కలిగినవి పారవేయించు.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ