పాత పికప్ కొన్న మేనల్లుడికి

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలు ఒక్కొక్కటీ పెద్దవి చేసుకుని చూశాను. 1988 మోడల్ టొయోటా హైలక్స్, 22ఆర్ పెట్రోల్ ఇంజిన్, టూ వీల్ డ్రైవ్. అక్కడక్కడా సొట్టలున్నా డోర్ల చుట్టూ సందులు సమానంగా ఉన్నాయి, టెయిల్‌గేట్ నిటారుగా కూర్చుంది. పెద్ద దెబ్బ తిన్న బండిలా లేదు. మంచి బండే కొన్నావు, నాకు చాలా సంతోషంగా ఉంది.

ఫొటోల కింద నువ్వు రాసిన లిస్టు చదివాక మాత్రం మనసు కుదుటపడలేదు. 33 అంగుళాల టైర్లు, బండి ఎత్తు పెంచే లిఫ్ట్, ముందు ఉక్కు బంపరు, పైన లైట్ల బారు. అంత పెద్ద లిస్టులో బ్రేకు అన్న మాట ఒక్కచోట కూడా కనపడలేదు. అందుకే ఫోన్‌లో చెప్పకుండా కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ బండి కంపెనీ నుంచి బయటికొచ్చిన రోజు ఎలా నడిచేదో అలా నడవాలి. మార్పుల సంగతి ఆ తర్వాత. పాత లోపాల మీద కొత్త సామాను బిగిస్తే, ఏ చప్పుడు దేనివల్ల వస్తోందో ఎవరూ చెప్పలేరు. స్టీరింగ్ వణికితే కొత్త టైరు బ్యాలెన్స్ తప్పిందా, అరిగిన బాల్ జాయింటా, షాఫ్ట్ క్రాస్, అంటే షాఫ్ట్ కీలు, వదులైందా? మూడూ విప్పాల్సి వస్తుంది. నాలుగైదు నెలలు దాన్ని ఉన్నదున్నట్టే నడుపు. అది నీకు అలవాటు కావాలి.

మొదటి పని తుప్పు. ఇంజిన్ పోతే ఇంకో ఇంజిన్ దొరుకుతుంది, బండి మొత్తాన్ని మోసే ఛాసీ పోతే బండే పోయినట్టు. అమెరికాలో అమ్మిన 1995-2000 మోడల్ టకోమా పికప్‌ల ఛాసీలు తుప్పు తినేస్తుంటే, 2008లో టొయోటా ఆ ఛాసీలకు వారంటీని 15 ఏళ్లకు పెంచింది. బాగుచేయడానికి వీల్లేని బండ్లను వెనక్కి కొనేసింది కూడా. అంత గట్టి పేరున్న బండ్లకే ఆ గతి పట్టిందంటే, నీ దాని కిందికి ఒక్కసారైనా దూరి చూడకుండా ఎలా ఉంటావు?

పైపైన టార్చి వేసి చూస్తే చాలదు. చిన్న సుత్తితో ఛాసీ పొడవునా కొట్టుకుంటూ వెళ్లు. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తినేసిన చోట శబ్దం చచ్చిపోయి దబ్బుమంటుంది. అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడు. వెనక కమాన్ పట్టీలు వేలాడే బ్రాకెట్ల దగ్గర, క్యాబిన్ ముగిసి తొట్టి మొదలయ్యే చోట, పెట్రోల్ ట్యాంక్ పైభాగంలో బురద పేరుకుని తడి ఆరదు. ఛాసీ డబ్బాలా మూసి ఉన్న చోట్ల తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది, బయటి పెయింట్‌ని చూసి మోసపోకు. బ్రేకు ఆయిల్ పోయే సన్నటి ఇనుప గొట్టాలు కూడా ఛాసీని అంటుకునే వెళ్తాయి. క్లిప్పుల కింద వేలు పెట్టి తడుము.

తుప్పు దొరికితే దాని మీదే నల్లటి తారు పూత పూయించకు. పూత కింద తడి నిలబడి, కంటికి కనపడకుండా తినేస్తుంది. ముందు గీకించు, తుప్పును ఆపే ప్రైమర్ వేయించు, మూసి ఉన్న భాగాల్లోకి మైనం కలిసిన నూనె స్ప్రే చేయించు. ఛాసీకి వెల్డింగ్ కావాలంటే ఆ పని బాగా తెలిసినవాడి చేతే చేయించు, అతను మొదలుపెట్టే ముందు బ్యాటరీ వైర్లు విప్పెయ్యి. నీ అంతట నువ్వు ఏదైనా బిగించడానికి ఛాసీకి బెజ్జం వేయాల్సి వస్తే, పై అంచునూ కింది అంచునూ ముట్టుకోకు. బరువు పడేటప్పుడు ఎక్కువ ఒత్తిడి మోసేవి ఆ రెండే. వేస్తే నిలువు గోడ మధ్యలో వెయ్యి, అదీ అప్పటికే ఉన్న రంధ్రాలు ఏవీ పనికిరాకపోతేనే.

ఇంజిన్ గురించి పెద్దగా భయపడకు. 2366 సీసీ, నాలుగు సిలిండర్లు, సాదా కార్బొరేటర్. ఓపిగ్గా చూసుకుంటే చాలా ఏళ్లు నడిచే రకం. దాని పెద్ద బలహీనత టైమింగ్ ఛైన్, అంటే వాల్వులను సమయానికి తెరిపించే ఛైను. ఒంటి వరస ఛైను, దాన్ని పట్టి ఉంచేవి ప్లాస్టిక్ గైడులు. వయసు మీద ఆ ప్లాస్టిక్ పెళుసుబారి విరుగుతుంది. అప్పుడు ఛైను ఊగుతూ ముందున్న అల్యూమినియం కవర్‌ని ఒరుసుకుంటూ కోస్తుంది. ఆ గోడకు అవతల కూలెంట్ దారి ఉంది. గోడకు చిల్లి పడితే కూలెంట్ నేరుగా ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది, ఆ తర్వాత బేరింగులు ఎంతోకాలం నిలవవు.

ఉదయం చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు ముందు భాగంలో గలగలమని చప్పుడు వస్తోందేమో విను. ఆయిల్ ప్రెషర్ ఎక్కి టెన్షనర్ బిగిసేలోపు ఒకటి రెండు సెకన్లు వస్తే సరే. వేడెక్కాక కూడా వినపడితే ఇంజిన్ పైనున్న ట్యాపెట్ కవర్ తీసి, టార్చి వేసి, ఛైను పక్క సందులోంచి కిందికి చూడు. గైడు ఉందో లేదో కనపడుతుంది. మార్చేటప్పుడు వెనక ఉక్కు రేకు ఉన్న గైడులు అడుగు. ఛైను ముందున్న కవర్ లోపలి గోడ మీద గాడి పడి ఉంటే దాన్నీ మార్చేయాలి, అక్కడ పొదుపు వద్దు. ట్యాపెట్ కవర్ తీసినప్పుడే ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గర వదిలే సందు, కూడా సెట్ చేసుకో. ఇంజిన్ వేడిగా ఉండగా ఇన్‌టేక్‌కి 0.20 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కి 0.30 మిల్లీమీటర్లు. చప్పుడు పోవాలని అంతకన్నా బిగించేవాళ్లున్నారు. అలా చేస్తే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. కొద్దిగా టిక్ టిక్ మనే ట్యాపెట్ ఆరోగ్యంగా ఉన్నట్టే.

రేడియేటర్‌లో ఉత్త నీళ్లు పోసి నడపొద్దు. బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. ఒక్కసారి గట్టిగా వేడెక్కితే హెడ్డు వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పొయ్యి. థర్మోస్టాట్ తీసేస్తే చల్లగా ఉంటుందని ఎవరైనా చెబితే వినకు. రబ్బరు హోసులన్నీ ఒకేసారి మార్చెయ్యి, పెట్రోల్ పైపులు ముందు. వ్యాక్యూమ్ గొట్టాలు విప్పే ముందు ఒక్కోదానికీ టేపు చుట్టి నంబరు రాసుకుని ఫొటో తీసుకో. కార్బొరేటర్ చుట్టూ అవి చాలా ఉంటాయి, ఏది ఎక్కడిదో గుర్తుందిలే అనుకోకు.

ఇక ఆయిళ్లు. గేర్‌బాక్సూ డిఫరెన్షియలూ విప్పేటప్పుడు ఆయిల్ పోసే నట్టు ముందు వదులవుతుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే కిందది విప్పు. ఉన్న ఆయిల్ కారిపోయాక పైనట్టు పట్టేసి కూర్చుంటే బండి ఎటూ కదలదు. డిఫరెన్షియల్‌కి జీఎల్-5 రకం గేర్ ఆయిల్ కావాలి. గేర్‌బాక్సుకు మాత్రం మాన్యువల్‌లో ఏ రకం ఉంటే అదే పొయ్యి, ఎందుకంటే కొన్ని జీఎల్-5 ఆయిళ్లలో కలిపే మందులు గేర్‌బాక్సుల్లోని ఇత్తడి రింగులకు పడవు.

ఇక్కడ నాకు జరిగినది ఒకటి చెప్పాలి. నా మొదటి పికప్‌కి వెనక చక్రం నుంచి ఆయిల్ కారి బ్రేక్ లైనింగ్ తడిసిపోయేది. ఆయిల్ సీల్ మార్చాను. మూడు నెలలకు మళ్లీ కారింది. మళ్లీ మార్చాను, బేరింగ్ కూడా మార్చాను. మూడోసారి కారినప్పుడు ఒక ముసలి మెకానిక్ నా చేతిలో పానా తీసి పక్కన పెట్టి, యాక్సిల్ గొట్టం మీదున్న చిన్న టోపీ లాంటి బ్రీదర్‌ని చూపించాడు. బురదతో బిగదీసుకుపోయి ఉంది. దూరం నడిచినప్పుడు లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుంది, బయటికి దారిలేక సీల్ దగ్గర ఆయిల్‌ని తోసేస్తుంది. దాన్ని కడిగి పెట్టాక ఆ బండి నా దగ్గరున్నంతకాలం మళ్లీ కారలేదు. నువ్వు వెనక యాక్సిల్ దగ్గరికి వెళ్లిన రోజున మొట్టమొదట ఆ బ్రీదర్‌ని చేత్తో తిప్పి చూడు.

బ్రేకుల దగ్గర ఒక్క పని కూడా వాయిదా వేయకు. బ్రేకు ఆయిల్ గాల్లోంచి తేమ పీలుస్తుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరాక ఆ హద్దు 140కి దగ్గరపడుతుంది. బరువుతో దిగుడు రోడ్డు దిగేటప్పుడు అది మరిగి ఆవిరైతే పెడల్ నేలకు అంటుతుంది. రెండేళ్లకోసారి మొత్తం మార్చు. రబ్బరు హోసులు, వీల్ సిలిండర్లు వయసుని బట్టే మార్చు, కారేదాకా ఆగొద్దు. డ్రమ్ములు విప్పినప్పుడు లోపలి దుమ్మును గాలితో ఊదకు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిపి తుడుచుకో.

ఇప్పుడు నీ లిఫ్ట్ సంగతి. వెనక యాక్సిల్ పైన ఛాసీకి ఒక వాల్వు ఉంటుంది, దాని నుంచి ఒక కడ్డీ యాక్సిల్‌కి దిగుతుంది, కనపడిందా? అది తొట్టిలో ఉన్న బరువును కొలుస్తుంది. బరువు వేస్తే ఛాసీ కిందికి దిగి యాక్సిల్‌కి దగ్గరవుతుంది, అప్పుడు ఆ వాల్వు వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు తగ్గిస్తుంది, లేకపోతే తేలికైన వెనక చక్రాలు లాకై బండి తోక తిప్పేస్తుంది. నువ్వు వెనక భాగాన్ని లేపితే ఛాసీ యాక్సిల్‌కి దూరమవుతుంది. వాల్వుకి తొట్టి ఎప్పుడూ ఖాళీగానే అనిపిస్తుంది. అప్పుడు నిండు బరువుతో వెళ్తున్నా వెనక బ్రేకులు సగమే పని చేస్తాయి, భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది. కాబట్టి ఎత్తు పెంచితే ఆ కడ్డీ బ్రాకెట్‌ని కూడా అంతే సర్దించాలి. గట్టి కమాన్లు వేసినా ఇదే తంటా, బరువు వేసినా ఛాసీ దిగాల్సినంత దిగదు. బ్రేకుల్లో గాలి తీసేటప్పుడు ఈ వాల్వుకున్న స్క్రూని కూడా మర్చిపోకు.

కమాన్ పట్టీ ఇంకోటి ఎక్కిస్తే ఎక్కువ బరువు మోయొచ్చని అనుకుంటున్నట్టున్నావు. బండి వంగకుండా నిలబడుతుంది, అంతే. యాక్సిల్, బేరింగులు, బ్రేకులు, టైర్లు అవే కదా. కంపెనీ ప్లేటు మీద రాసిన బరువే అది మోసే బరువు. పట్టీలు విప్పితే యూ బోల్టులు కొత్తవి వేయించు, కొన్ని రోజులు నడిపాక మళ్లీ బిగించు. ముందు చక్రాలకు స్ప్రింగుల్లా పనిచేసే టార్షన్ బార్ల బోల్టు తిప్పి ఎత్తు లేపడం సులువే, కానీ చక్రం కిందికి దిగే దారి తగ్గిపోతుంది, గుంతల్లో బండి కొడుతుంది, బాల్ జాయింట్లు వాలుగా పనిచేసి త్వరగా అరుగుతాయి. నీకు నిజంగా ఆ ఎత్తు కావాలా? తిరిగేది ఎక్కువగా తారురోడ్డు మీదే అన్నావుగా.

33 అంగుళాల టైర్లు ఆ బండికి వద్దు, ఇది నా గట్టి మాట. చక్రాల గూళ్లలో పట్టవు, పట్టించినా ఇంజిన్ లాగలేదు. టైరు చుట్టుకొలత పది శాతం పెరిగినా మీటరు 60 చూపేటప్పుడు నువ్వు 66లో ఉంటావు, అదే బ్రేకుతో పెద్ద చక్రాన్ని ఆపాలి. ఒక్క సైజు పెంచుకో, చాలు. ఏ మార్పు చేసినా రిజిస్ట్రేషన్ వాళ్లు, ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కో.

లైట్లు పెట్టుకో, కాదనను. 60 వాట్ల దీపాలు రెండంటే 10 ఆంపియర్లు. అంత కరెంటు డ్యాష్‌బోర్డులోని పాత స్విచ్చు గుండా పంపితే అది కాలుతుంది. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే రిలే పెట్టి, బ్యాటరీకి పక్కనే ఫ్యూజు పెట్టి, తగినంత లావు వైరు వెయ్యి. అంతకన్నా ముందు బ్యాటరీ నుంచి ఇంజిన్‌కీ, బాడీకీ వెళ్లే ఎర్త్ వైర్ల కొసలు గీకి శుభ్రం చెయ్యి. పాత బండిలో సగం కరెంటు రోగాలు అక్కడే ఉంటాయి. ఇంజిన్ ఆఫ్ చేసి కాసేపయ్యాక బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, నడుస్తున్నప్పుడు 14 దగ్గర చూపాలి.

ఒక్కడివే పని చేస్తావని తెలుసు, అందుకే ఇది రాస్తున్నాను. జాకీ మీద మాత్రమే ఉన్న బండి కిందికి తల పెట్టకు. నేల గట్టిగా ఉన్న చోట స్టాండ్లు పెట్టు, పెట్టాక బండిని చేత్తో ఊపి చూడు. హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే, వెనక వైపు లేపితే అది దేనికీ పనికిరాదు. ముందు చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టు. తొందరలో ఉన్న రోజు బండి కిందికి వెళ్లకు.

డాష్ అరలో ఒక నోటు పుస్తకం పడెయ్యి. ఏ రోజు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏం మార్చావో రాసుకో. షాఫ్ట్ క్రాసులకు గ్రీజు కొట్టిన రోజు కూడా రాయి, అది అందరూ మర్చిపోయేదే.

వచ్చే ఆదివారం సుత్తి పట్టుకుని ఛాసీ కింద పడుకో. దబ్బుమన్న చోటల్లా చాక్‌తో గీత పెట్టి ఫొటో పంపు. మర్నాడు ఉదయం మొదటి స్టార్ట్ శబ్దం, బానెట్ తెరిచి, ఫోన్‌ని ఇంజిన్ ముందు భాగానికి దగ్గరగా పట్టుకుని ఒక నిమిషం రికార్డు చెయ్యి. అది విన్నాక ఛైను సంగతి మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మావయ్య