వానాకాలంలో మోడల్ విమానంపై స్ప్రే చేసిన లాకర్ (త్వరగా ఆరే రంగు లేదా వార్నిష్) ఎందుకు తెల్లబారుతుంది?

పూత మీద తెల్లని మసక కమ్ముకోవడానికి కారణం సాధారణంగా రంగులోని లోపం కాదు, గాలిలోని తేమ. లాకర్‌లోని థిన్నర్ (దాన్ని పలుచబరిచే ద్రావకం) వేగంగా ఆవిరవుతూ అందుకు కావలసిన వేడిని పూత నుంచే తీసుకుంటుంది కాబట్టి, పూత చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడి, దాని మీద చేరిన సన్నని నీటి తుంపరలు ఆరుతున్న పొరలో చిక్కుకుపోతాయి. గాలి 30 డిగ్రీల వేడితో, 50 శాతం తేమతో ఉన్నప్పుడు ఉపరితలం సుమారు 18 డిగ్రీలకు చల్లబడితే గానీ నీరు పట్టదు. విశాఖపట్నం వంటి తీర నగరంలో వాన కురిసే రోజున అదే వేడిలో తేమ 85 శాతం ఉంటే ఉపరితలం 27 డిగ్రీలకు చేరగానే నీరు పడుతుంది. అంటే మూడు డిగ్రీల తేడా చాలు.

అందుచేత తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి దగ్గర ఉంచుకుని, 65 శాతం దాటిన రోజున పారదర్శక వార్నిష్ పనిని వాయిదా వేయడమే ఉత్తమమని నా అభిప్రాయం. తప్పనిసరైతే, కంప్రెసర్ గాలితో రంగు చిమ్మే చిన్న పరికరమైన ఎయిర్‌బ్రష్‌తో, ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ కలిపిన థిన్నర్‌ను వాడి, పలుచని పూతలు వేయాలి. కంప్రెసర్ గొట్టానికి నీటిని పట్టే ఫిల్టర్ కూడా అవసరం. అది లేకపోతే రెక్క మీద నీటి చుక్క పడి గుండ్రని మచ్చ మిగులుతుంది. ఏసీ గదిలో తేమ తగ్గే మాట నిజమే గానీ, మూసిన గదిలో థిన్నర్ ఆవిరి ప్రమాదకరం.

ఇప్పటికే తెల్లబారిన పూతను గీకవద్దు. పొడి రోజున దానిపై అదే రిటార్డర్ థిన్నర్‌ను చాలా పలుచగా స్ప్రే చేస్తే పొర మెత్తబడి, లోపలి తేమ బయటికి పోయి, మసక చాలావరకు తొలగిపోతుంది.