డిగ్రీ తర్వాత స్కూల్ లైబ్రేరియన్: పనేమిటి, ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ పూర్తి చేసింది. స్కూల్ లైబ్రేరియన్ అవుతానంటోంది. పుస్తకాలిచ్చి సంతకం పెట్టించుకోవడానికి మళ్లీ చదువెందుకని బంధువులు అంటున్నారు. పుస్తకాలు పోతే జీతంలోంచి కట్టాలని భయపెడుతున్నారు కూడా. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీ బంధువులు చూసింది కౌంటర్ దగ్గర పని మాత్రమే అమ్మా. ఏడో తరగతి పిల్లాడు వచ్చి కోళ్ల మీద పుస్తకం కావాలంటే రెండు నిమిషాల్లో అది వాడి చేతికి రావాలి. అందుకు కావాల్సిన పనంతా అంతకుముందే జరిగి ఉండాలి.

కొత్త పుస్తకం రాగానే బిల్లుతో సరిచూస్తారు. పేజీలు పోయాయా, తారుమారయ్యాయా అని తిరగేస్తారు. స్టాంపు వేసేశాక దుకాణదారు వెనక్కి తీసుకోడు కాబట్టి ఇది ముందే జరగాలి. తర్వాత యాక్సెషన్ రిజిస్టర్‌లో, అంటే వచ్చిన పుస్తకాలన్నీ రాసే చిట్టాలో, ప్రతి కాపీకీ ఒక నంబరు. ఒకే పుస్తకం ఐదు కాపీలు వస్తే ఐదు నంబర్లు. పుస్తకం చిరిగిపోయి తీసేసినా దాని నంబరు ఇంకోదానికి ఇవ్వకూడదు, ఇస్తే ఆడిట్‌లో రెండు పుస్తకాల లెక్క కలిసిపోతుంది. టైటిల్ పేజీ మీదే కాకుండా లైబ్రరీ ముందుగా అనుకున్న ఒక లోపలి పేజీ మీద కూడా స్టాంపు వేస్తారు. ముందు పేజీలు చింపేసినా పుస్తకం ఏ లైబ్రరీదో దాన్నిబట్టి తెలుస్తుంది.

చదువు అక్కరకొచ్చేది వర్గీకరణలో, అంటే ఏ పుస్తకం ఏ విషయం కిందికి వస్తుందో తేల్చడంలో. మన బళ్లలో ఎక్కువగా వాడేది ప్రతి విషయానికీ ఒక నంబరిచ్చే డ్యూయీ దశాంశ పద్ధతి. సైన్సు 500, సాంకేతిక విషయాలు 600, సాహిత్యం 800, ఇలా పది విషయ విభాగాలు. కోడిని పక్షిగా వివరించే పుస్తకం 598లోకి వెళ్తుంది, కోళ్ల పెంపకం చెప్పేది 636.5లోకి. పేరులో ‘కోడి’ ఉందని రెండింటినీ ఒకేచోట పెడితే తప్పే. పుస్తకం ఏ కోణంలో రాశారో విషయసూచిక, ముందుమాట చూసి తేల్చుకోవాలి. పేరు చూసి నంబరు వేసేయడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు.

రెండో పొరపాటు దశాంశాలతో. అరలో 636.12 ముందు, 636.5 తర్వాత రావాలి. పన్నెండు పెద్దదనుకుని తిప్పి పెడతారు. తప్పు అరలో ఉన్న పుస్తకం పోయినదానితో సమానం! అందుకే వారానికోసారి కొన్ని అరల్లోని నంబర్లను వరసగా చూసి సరిచేయాలి. ఒక్కో అరలో కొంత జాగా వదిలితే కొత్త పుస్తకం వచ్చిన ప్రతిసారీ వరసంతా జరపక్కర్లేదు.

తెలుగు సాహిత్యమంతా 894.827 కింద చేరుతుంది. చిన్నపిల్లల కథలన్నీ అదే నంబరుతో పెడితే రెండో తరగతి పాపకు ఏదీ దొరకదు. వాటిని చదివే స్థాయిని బట్టి విడదీసి, పుస్తకం వీపు మీద రంగు పట్టీలు అంటించి, పిల్లల చేతికందే ఎత్తులో పెట్టాలి. ఈ విషయంలో నియమం కన్నా పాప ముఖ్యం.

ఇక పుస్తకాలు పోవడం. ఈ భయంతోనే చాలా బళ్లలో పుస్తకాలు బీరువాల్లో తాళం కింద ఉండిపోతున్నాయి, ఇది చాలా బాధాకరం. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు (2017) ఏడాదిలో ఇచ్చిన, చదివిన ప్రతి 1,000 పుస్తకాలకు 5 పోవడాన్ని సహజంగానే పరిగణిస్తాయి. నిర్లక్ష్యం గానీ మోసం గానీ ఉండకూడదు. రూ.1,000 దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం తప్పక విచారిస్తారు. 20,000 పుస్తకాలకు మించని లైబ్రరీల్లో ఏటా పూర్తి తనిఖీ చేయాలి. రాష్ట్ర, ప్రైవేటు బళ్లలో వేరే నియమాలుంటాయి కాబట్టి చేరిన రోజే రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. చార్జి తీసుకునే ముందు స్టాక్ లెక్క చూసుకుని, లేనివి జాబితాలో రాయించుకుని సంతకం పెట్టాలి. అలా చేయకపోతే పాతవాళ్ల హయాంలో పోయినవీ మీ అమ్మాయి మెడకే చుట్టుకుంటాయి.

చదువు సంగతికొస్తే, ఏ డిగ్రీ తర్వాతైనా ఏడాది బీఎల్ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్‌లో డిగ్రీ) చేయవచ్చు. దూరవిద్యలో అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో అందిస్తున్నాయి. దూరవిద్యలో చేరేవాళ్లు థియరీ బట్టీపట్టి వర్గీకరణ, క్యాటలాగింగ్ (పుస్తకాల వివరాల సూచిక తయారీ) ప్రాక్టికల్స్‌లో తడబడతారు. రోజుకు పది పుస్తకాలకు నంబర్లు వేసి సరిచూసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. లైబ్రరీ లెక్కలు కంప్యూటర్లో చూసుకునేందుకు ఉచితంగా దొరికే కోహా, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ వారి ఈ-గ్రంథాలయ సాఫ్ట్‌వేర్లు కూడా నేర్చుకోవాలి.

కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల్లో లైబ్రేరియన్ పోస్టు కేంద్ర వేతన స్థాయి లెవెల్ 7లో ఉంది, మూలవేతనం రూ.44,900తో మొదలవుతుంది. గురుకులాల్లోనూ పోస్టులుంటాయి. అయితే నోటిఫికేషన్లు ఏటా రావు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో చాలాచోట్ల ఒక టీచరే లైబ్రరీ చూసుకుంటారు. అందుకే బీఎల్ఐఎస్సీతో ఆగకుండా ఎంఎల్ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్‌లో పీజీ), కళాశాల ఉద్యోగాలకు అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ కూడా లక్ష్యంగా పెట్టుకుంటే కళాశాలల దారి తెరుచుకుంటుంది.

ఫీజు కట్టే ముందు దగ్గర్లోని బడి హెడ్మాస్టరును అడిగి, ఓ నెల అక్కడి పుస్తకాలను సర్దే పని మీ అమ్మాయికి ఇప్పించండి. ఓ వంద పుస్తకాలను రిజిస్టర్‌కెక్కించి, నంబర్లేసి, పిల్లలకిచ్చి చూశాక కూడా ఇదే చేస్తానంటే చేర్పించండి.